మా పాప పరీక్షకు తోడు నిలిచిన అందరికీ

ఫోన్ చేసి అడుగుతున్న అనంతపురం వాళ్లందరికీ ఒకేసారి చెబుతున్నాను. మొన్న బెంగళూరులో మా పాపకు మెదడు స్పందనను కొలిచే పరీక్ష పూర్తయింది. మధ్యలో ఆపాల్సిన అవసరం రాలేదు.

పాపకు తొమ్మిదేళ్లు. మాటలు రాలేదు, చెయ్యి నిలకడగా ఉండదు. రెండేళ్ల కిందట ఒకచోట ఐక్యూ పరీక్షకు తీసుకెళ్తే, బొమ్మలు పెట్టి చూపించమన్నారు. చూపించలేకపోయింది. పావుగంటలో ముగించి 'పరీక్షించడానికి వీలుకాదు' అని రాసిచ్చారు. ఆ కాగితాన్ని బీరువాలో చీరల కింద పెట్టేశాను, మా అత్తమ్మకు కూడా చూపించలేదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచరమ్మా, మొదటి నమస్కారం మీకే. నోటి మాట, చూపుడు వేలు రెండూ అక్కర్లేకుండా మెదడు స్పందననే కొలిచే పద్ధతి ఉందని చెప్పింది మీరే. బెంగళూరులో ఆ పరిశోధన చేసేవాళ్లతో మాట్లాడి పాప పేరు రాయించిందీ మీరే. ఆ పరీక్షకు మెదడు స్పందనను పట్టే బిళ్లలున్న టోపీ తలకు పెట్టాలి. పెడితే పీకేస్తుందని నాకు ఒకటే టెన్షన్. మీరు మంకీ క్యాప్ తెచ్చి రోజూ రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు, పది నిమిషాలు అంటూ మూడు వారాలు అలవాటు చేశారు.

ముందు బెరా అనే వినికిడి పరీక్ష చేసి చెవులు బాగానే వినిపిస్తున్నాయని తేల్చుకున్నారు. తలకు నూనె పెట్టకుండా రమ్మన్నారు. టోపీ పెట్టే అమ్మాయి మొదట దాన్ని నా తలకు తొడిగి పాపకు చూపించింది. తర్వాత పాప జుట్టు పాయలు తీసి, ఒక్కో బిళ్ల కింద జెల్ పెట్టింది. ఎంత ఓపికో ఆ పిల్లకు! ఎదురుగా శబ్దం లేని కార్టూన్. చెవుల్లో ఒకే రకం శబ్దం మళ్లీ మళ్లీ, ఎప్పుడో ఒకసారి వేరే శబ్దం. పాప ఏమీ చేయనక్కర్లేదు. శబ్దం మారిందని మెదడు పసిగడితే పావు సెకను లోపే ఒక చిన్న అల వస్తుందట. అది కొన్ని మైక్రోవోల్టులే, మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షలవ వంతు. మామూలు మెదడు తరంగాల్లో అది కనపడకుండా పోతుంది కాబట్టి వందలసార్లు వినిపించి సగటు తీస్తారు. పళ్లు కొరికినా, కళ్లు ఆర్పినా గీత చెడిపోతుంది.

డాక్టరమ్మ తెర మీద ఒకే రకం శబ్దానికి ఒకటి, వేరే శబ్దానికి ఒకటి, రెండు గీతలు చూపించి, "ఇదిగో, ఇక్కడ విడిపోయాయి చూడండి" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. ఇది ఐక్యూ మార్కు కాదని, వైకల్య సర్టిఫికెట్‌కు పనికిరాదని, ఒక్క పరీక్షతో పాపకు ఎంత అర్థమవుతుందో చెప్పలేమని కూడా ఆమే చెప్పారు. ముందు విన్న శబ్దాన్ని పాప మెదడు గుర్తుపెట్టుకుని కొత్తదాన్ని పట్టుకుంటోంది, అంతవరకే నమ్మమన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు ఆమెకు ఎంతో రుణపడి ఉన్నాను.

తెల్లవారుజామున స్టేషన్‌లో దించి డబ్బులు తీసుకోని ఆటో అన్నకు, మా ఆయనకు జీతం కోయకుండా సెలవిచ్చిన షాపు యజమానికి కూడా దండాలు.

ఇంటికొచ్చాక జెల్ వదలడానికి రెండుసార్లు తలంటాల్సి వచ్చింది. టీచరమ్మా, మీ మంకీ క్యాప్ ఇంకా ఇక్కడే ఉంది. తీసుకోబోతే పాప వదలడం లేదు.