నాయనమ్మ చుట్టల సంగతి

చిరంజీవి లలితకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఈసారి జీడిపూత బాగా నిలిచింది, గింజ దిగుతుందని మీ నాన్నగారి ఆశ. పైడిరాజు కూతురికి సంబంధం కుదిరింది. వాకిట్లో కొళాయి మళ్లీ కారుతోంది. అన్నట్టు, నువ్వు పంపిన పార్సిల్ అందింది. నాయనమ్మ చుట్ట మానడానికి నికోటిన్ గమ్ము, నాకు మోకాలి పట్టీ, బుజ్జిదానికి గౌను, అన్నీ ఉన్నాయి. చీటీ ముక్క మాత్రం లేదు. సంక్రాంతికి వచ్చి వెళ్లినదానివి, ‘బాగున్నాను’ అన్న మెసేజ్ తప్ప నీ గొంతు వినలేదు. పని ఎక్కువై ఉంటుందిలే, నేనేమీ అనుకోవడం లేదు.

ఆ గమ్ము నాయనమ్మ కింది కట్టుడు పళ్లకు అతుక్కుని సెట్టు మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. పైగా టీ తాగుతూ నమిలింది. కాస్త నమిలి, చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలని, టీ కాఫీలతో వేసుకుంటే ఒంటికి పట్టదని నాన్నగారు కాగితం చదివేసరికే కథ ముగిసింది.

సత్తిబాబు ఇంకో మాట మోసుకొచ్చాడు. దుబాయి నుంచి వచ్చే నీ స్నేహితురాలి చేత కరెంటు చుట్ట, అదే ఈ-సిగరెట్, తెప్పిస్తున్నావట. నిజమైతే మానుకో. 2019 నుంచి మన దేశంలో వాటిని అమ్మినా, బయటి నుంచి తెచ్చినా నేరం. అయినా నోట్లో నిప్పు పెట్టుకునే మనిషికి చార్జింగ్ పెట్టడం ఎవరు నేర్పుతారు?

భోగి మంటలో చుట్టల కట్ట పడేశావని నిన్ను అనడం లేదు. కానీ నిప్పు కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ ఆవిడ పట్టింది నిన్నా మొన్నా కాదు. నాట్ల కాలంలో వాళ్ల అత్తగారే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారట. నిప్పు లోపలికి పెట్టుకుంటే వానకు ఆరదు, గాలికి త్వరగా కాలిపోదు, చంకలో బిడ్డ మీద నుసి రాలదు. ఆ చంకలో పెరిగింది మీ నాన్నగారే. పదిమందిలో మనవరాలు అలా చేసేసరికి ఆవిడకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే సంతలో రెండు కట్టలు తెప్పించి, ఒకటి బియ్యం డబ్బాలో దాచింది.

నువ్వు వెళ్లాక, పళ్ల సెట్టు వదులైంది సరిచేయిద్దాం రమ్మని విశాఖ తీసుకెళ్లాను. చుట్టల మాట ఎత్తలేదు. టెక్కలి దాటేదాకా కిటికీ సీటు కోసం అలక. నరసన్నపేటలో బస్సు ఆగగానే దిగి ముట్టించింది. కండక్టరు మన వైపువాడు కాదు పాపం, ‘మామ్మా, నిప్పు ఎటు పెడుతున్నావు!’ అని కేక పెట్టాడు. బస్సంతా నవ్వు.

డాక్టరమ్మ ఇంచుమించు నీ ఈడుది. కసరలేదు. నోట్లో ఒక అద్దం పెట్టి, ఇంకోటి చేతికిచ్చి చూసుకోమంది. ఎనభై దాటిన మనిషి తన అంగిలిని అప్పుడు చూసుకుంది. ఎండిన చెరువు అడుగులా తెల్లగా బీటలు, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు, వెనక ఒకచోట ఎర్రటి మచ్చ. ‘నేను పొగ మింగనమ్మా’ అంది నాయనమ్మ. మింగకపోయినా చుట్ట పొగలోని నికోటిన్ నోటి పొర గుండానే రక్తంలో కలుస్తుందని, దానికి అంగిలి మీద సెగ తోడవుతుందని, శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లకు అంగిలి క్యాన్సర్ ఎక్కువగా ఈ అలవాటువల్లే వస్తోందని ఆ పిల్ల చెప్పింది. ‘మా అత్త తొంభై ఏళ్లు బతికింది’ అంది ఈవిడ. ‘మరి మీ తోటికోడళ్లో?’ అంది డాక్టరమ్మ. నాయనమ్మ ఇక నోరు విప్పలేదు. చిన్న నాయనమ్మ సంగతి నేను చెప్పలేదు, ఊరికే అడిగిందేమో.

కంగారుపడకు. ఎర్ర మచ్చ దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, క్యాన్సర్ కాదని వచ్చింది. మూడు నెలలకోసారి చూపించాలి. ఈ మాట ఫోనులోనే చెబుదామనుకున్నాను, నువ్వు ఎత్తితే కదా.

ఇప్పుడు గదిలో ముట్టించడం లేదు, బుజ్జిది ఉన్నచోట అసలే లేదు. పెరట్లో జామచెట్టు కిందే. నిప్పు బయటికి పెట్టి కాలుస్తోంది, రుచి లేదని సణుగుతూ. అలా తిప్పి పట్టినంత మాత్రాన గండం గడవదని, పూర్తిగా మానాల్సిందేనని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. లెక్క తగ్గిస్తే ఉన్నవాటినే గట్టిగా లాగుతారట. నేనూ కళ్లారా చూస్తున్నాను. బీపీ, గుండె మాత్రలు ఉన్నాయి కనుక చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ వేయాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి. నువ్వు ఆన్‌లైన్‌లో కొని పంపకు. సిగరెట్ పెట్టెల మీద ఉండే, పొగాకు మానడానికి సాయం చేసే నంబరు 1800-11-2356కు నేనే ఫోను చేశాను, డబ్బులు పడవు. మానే రోజు ఆవిడ చేతే చెప్పించమన్నారు. చాలా బేరమాడి శ్రీరామనవమి అంది.

పెద్దవాళ్ల చేతిలోది లాక్కుంటే దాచుకుంటారు, అంతే. నీకు కోపం ముందు, ఆలోచన తర్వాత. ఆఫీసులోనూ ఇలాగే ఉంటావా? రాత్రి పదింటికి కాఫీలు తాగితే కోపం కాక ఏమొస్తుంది. తలకు నూనె పెట్టుకో.

ఉగాదికి రా, నవమి దాకా ఉండు. టికెట్లు ఇప్పుడే చూసుకో, పలాస స్టేషనుకు నాన్నగారు వస్తారు. వచ్చేటప్పుడు పంచదార లేని పిప్పరమెంటు బిళ్లలు తీసుకురా, నాయనమ్మకు నోరు ఊరుకోదు. ఆదివారం పొద్దున ఫోను చెయ్యి, పదకొండు తర్వాత కరెంటు తీస్తున్నారు. నేను నాయనమ్మకే ఇస్తాను. ముందు ఆవిడ పలకదు, నువ్వు పెట్టేయకు.

అమ్మ