బొమ్మ గీకడానికి పిల్లల చేతికి సర్జికల్ బ్లేడా?

సంపాదకుల వారికి,

అయ్యా,

వేసవి హాబీ శిబిరాల్లోనూ, బళ్లలోనూ పిల్లల చేత ప్లాస్టిక్ మోడళ్లు, చిన్నచిన్న సైనికుల బొమ్మలు చేయిస్తున్నారు. మంచిదే. అయితే ఇంటినుంచి తెచ్చుకోవలసిన సామాన్ల చీటీలో జిగురు, రంగులు, బ్రష్‌ల సరసన ‘కట్టర్ లేదా సర్జికల్ బ్లేడు’ అని ఒక ముక్క ఉంటోంది. బొమ్మ మీది అచ్చుగీత తీయడానికట. ఆ పనికి ఆ రెండూ తప్పు పనిముట్లే. చీటీలు రాసేవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

రెండు ఉక్కు అచ్చులను దగ్గరగా బిగించి, వాటి మధ్యకు వేడి ప్లాస్టిక్‌ను కొట్టి ఈ బొమ్మలు తీస్తారు. రెండు సగాలూ కలిసే చోట బొమ్మ చుట్టూ సన్నని గట్టు మిగులుతుంది. అదే అచ్చుగీత. హాబీవాళ్లు దాన్ని మోల్డ్ లైన్ అంటారు. అచ్చు అరిగిపోతే సందులోంచి ప్లాస్టిక్ పల్చని రేకులా బయటికి పొంగుతుంది. సగాలు కాస్త జరిగితే గట్టుకు బదులు మెట్టు పడుతుంది. 1/35 స్కేలులో, అంటే నిజం సైజులో 35వ వంతుగా చేసిన సైనికుడి ఎత్తు సుమారు 5 సెంటీమీటర్లు. వాడి బుగ్గ మీద 0.1 మిల్లీమీటరు గట్టు ఉందంటే నిజం మనిషి ముఖం మీద 3.5 మిల్లీమీటర్ల కట్ట ఉన్నట్టు. రంగేస్తే కప్పడిపోతుందిలే అనుకోవడానికి లేదు. నీళ్లగా కలిపిన రంగు (వాష్) ఆ గట్టు వారన చేరుతుంది, రంగు దాదాపు తుడిచేసి పొడిగా ఆడించే బ్రష్ (డ్రై బ్రష్) దాని నెత్తిన తగులుతుంది. దాంతో గీత మునుపటికన్నా స్పష్టంగా కనబడుతుంది.

అసలు మాట ఏమిటంటే, ఈ గట్టును కొయ్యకూడదు, గీకాలి. కొయ్యబోతే పదును బొమ్మ ఒంట్లోకి దిగి గుంట పెడుతుంది. ఆ గుంటను పుట్టీతో పూడ్చి మళ్లీ రుద్దడం కంటే గీతను ఉన్నట్టు వదిలేయడమే నయం. గీకడానికి పదును అక్కర్లేదు, చదునైన లోహానికి నిక్కచ్చి అంచు ఉంటే చాలు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు హాబీ నైఫ్ అనే పెన్నులాంటి కత్తిని తిరగేసి, దాని మొనదేలిన 11 నంబరు బ్లేడు వెన్నుతో గీకుతారు. అలా చేసినప్పుడు కూడా పదునంచు పైకి తిరిగి ఉంటుంది. పట్టుకున్న వేలు అటు జారితే తెగుతుంది. పిల్లలకైతే పదునే లేని స్క్రేపర్ ఇవ్వాలి. ఈ పనికే చేసిన మొద్దు స్టీలు స్క్రేపర్లు గేమ్స్ వర్క్‌షాప్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి.

గీకేటప్పుడు అంచును నిలువుగా, కాస్త లాగే వైపు వాల్చి పట్టాలి. ఒత్తిడి పెట్టకుండా నాలుగైదు చిన్న లాగుళ్లు లాగాలి. గట్టిగా అదిమితే అంచు గంతులేస్తుంది, ప్లాస్టిక్ మీద రేకు చూరులా అలలు పడతాయి. పడ్డాక అదే దిక్కున ఇంకా గీకితే అవి లోతవుతాయే తప్ప పోవు. దిక్కు మార్చి ఏటవాలుగా గీకాలి. తుపాకీ గొట్టం, చెయ్యి లాంటి గుండ్రటి చోట గీత మీదే పదిసార్లు పోతే అక్కడ పలక తేలుతుంది. 600 నంబరు వాటర్ పేపరును (తడిపి కూడా రుద్దగల గరుకు కాగితం) సన్నని పట్టీగా చింపి, బూట్లకు పాలిష్ కొట్టినట్టు చుట్టూ తిప్పి లాగాలి. జుట్టు, బొచ్చు, గొలుసు కవచం మీద రుద్దితే ఆ చెక్కుడంతా మాసిపోతుంది. అక్కడ మూడంచుల సన్న ఆకురాయి (ఫైలు) మొనతో గాడులను మళ్లీ దిద్దాలి. గీత పోయిందా లేదా చెప్పడానికి కన్ను చాలదు. గోరును అడ్డంగా నడిపితే తెలుస్తుంది. చీకటి గదిలో టార్చి పక్కనుంచి వేసినా సరే. చివరగా ఆ చోట పల్చని ప్లాస్టిక్ సిమెంటు ఒక్కసారి తాకిస్తే గీకిన నూగు కరిగి నునుపవుతుంది. కిటికీ మాత్రం తీసి ఉంచాలి.

బొమ్మ దేనితో చేసిందో అడగకుండా పనిముట్టు చెప్పడం ఇంకో పొరపాటు. పైన చెప్పిందంతా మోడల్ కిట్లలో వచ్చే గట్టి ప్లాస్టిక్‌కే, అంటే పాలీస్టైరీన్‌కే. బజారులో సంచీల్లెక్కన అమ్మే మెత్తటి పాలిథిన్ సైనికులను ఎంత గీకినా, ఎంత రుద్దినా నూగు లేస్తూనే ఉంటుంది. వంగే పీవీసీ బొమ్మలదీ ఇంచుమించు అదే వరస. వాటి గీత తీయాలంటే కొత్త బ్లేడుతో ఒక్క కోతలో చెక్కాలి. కాబట్టి వాటిని పిల్లలకు ఇవ్వకపోవడమే మేలు. చవకని కొంటే బ్లేడు తప్పదు.

లోహపు బొమ్మకు గీకుడు కన్నా ఆకురాయి మేలు. కంసాలి సామాన్లు అమ్మే కొట్లో సూది ఆకురాళ్ల సెట్టు దొరుకుతుంది. చదునుది, అరగుండ్రంది, మూడంచులది ఉంటే పని జరిగిపోతుంది. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. పళ్లలో లోహం ఇరుక్కుంటే తర్వాతి తోపులో లోతు గీతలు పడతాయి. ముందే ఆకురాయికి సుద్దముక్క రుద్ది, మధ్యమధ్య ఇత్తడి బ్రష్‌తో దులపాలి. పాతకాలపు లోహపు బొమ్మల్లో సీసం ఉండొచ్చు. ఆ రజను పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోకూడదు. పాత బొమ్మలు శిబిరానికి తేవద్దు.

గట్టిపడే ద్రవంతో చేసే రెజిన్ బొమ్మను పొడిగా అసలు రుద్దకూడదు. దాని ధూళి మెత్తగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గిన్నెలో నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, 800 నంబరు వాటర్ పేపరు పెట్టుకుని తడిగా రుద్దాలి. మాస్కు ఉన్నా సరే తడి తప్పదు.

బళ్లలో కేంద్ర ప్రభుత్వం పెట్టించే, 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల్లో 6 నుంచి 12 తరగతుల పిల్లలు త్రీడీ ప్రింటర్లు వాడతారు. తీగ కరిగించి ముద్రించే ప్రింటరు బొమ్మకు అచ్చు లేదు గనుక అచ్చుగీతా ఉండదు, కానీ పొర మొదలైన చోట నిలువునా ఒక అతుకు తేలుతుంది. ఆ తీగకు ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. హడావిడిగా రుద్దితే ఆ వేడికే జిగటై ఆకురాయి పళ్లు పూడ్చేస్తుంది. నింపాదిగా, తడిపిన వాటర్ పేపరుతో చేయాల్సిన పని.

ఇక బ్లేడ్ల సంగతి. కట్టర్ బ్లేడుకు విరగడానికే గాట్లు పెట్టి ఉంటాయి. పక్కకు ఒత్తిడి పడితే సరిగ్గా అక్కడే టప్పున విరిగి ముక్క ఎగురుతుంది. గీకడమంటేనే పక్క ఒత్తిడి. సర్జికల్ బ్లేడు అంతకన్నా పదును, తెగిన సంగతి రక్తం చూసేదాకా తెలియదు. పిడికి ఎక్కించడం, తీయడం పటకారుతో చేయాలి. ఆ పని వేళ్లతో చేసేటప్పుడే కోసుకుంటారు.

చీటీలో ఉండాల్సినవి ఇవి: మొద్దు స్క్రేపరు ఒకటి, మూడు సూది ఆకురాళ్లు, 400, 600, 800, 1000 నంబర్ల వాటర్ పేపర్లు ఒక్కో షీటు, వాటిని అంటించుకోవడానికి ఐస్‌క్రీం పుల్లలు. బ్లేడు ఉండాల్సి వస్తే టీచరు బల్ల మీద ఒక్కటే, లెక్కలో ఉండాలి. వాడేసిన బ్లేడ్లను చెత్తబుట్టలో వేయకూడదు. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, టేపు చుట్టి, పైన ‘బ్లేడ్లు’ అని పెద్దక్షరాలతో రాసి, చెత్త బండి వచ్చినప్పుడు విడిగా చేతికివ్వాలి. ఆ చెత్తను చేతులతో ఏరి వేరుచేసేవాళ్లు ఉన్నారు.

ఇట్లు,
ఒక మోడలర్,
సికింద్రాబాద్