అసంపూర్తి ప్రతిని సంపూర్ణ ముద్రణగా అమ్మడంపై ఫిర్యాదు

గౌరవనీయులైన ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ‘ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్’ ప్రతిలో పీఠిక, చివరి అధ్యాయం లేకపోవడం, సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

మీ సంస్థ ప్రచురించి, మీ వెబ్‌సైట్ ద్వారానే అమ్ముతున్న ఎడ్గర్ రైస్ బరోస్ ఆంగ్ల నవల ‘ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్’ను, అట్ట మీద ‘సంపూర్ణ మూలపాఠం, తొలి ముద్రణలోని బొమ్మలతో’ అని ఉండడం చూసి కొన్నాను. నాకు అందిన ప్రతిలో పీఠిక లేదు, ఇరవై ఎనిమిదో అధ్యాయం లేదు, బొమ్మ ఒక్కటీ లేదు. ఫొటోలు జతచేసి ఈ సంగతి తెలియజేస్తే, ‘ఈ కథ ముగింపే అలా ఉంటుంది, ముద్రణ లోపం కాదు కనుక వాపసు వర్తించదు’ అని మీ సహాయ విభాగం వారు జవాబిచ్చారు. నా అభ్యంతరం ముఖ్యంగా ఆ జవాబు మీదే.

మీ ప్రతి ఎక్కడ ఆగిందో చూడండి. అంగారకుడి మీద గాలిని తయారుచేసే కర్మాగారం నిలిచిపోయి గ్రహమంతా ఊపిరాడక కొట్టుకుంటున్న వేళ, కథానాయకుడు జాన్ కార్టర్ తొమ్మిది ఆలోచనా తరంగాలతో దాని తలుపులను ఒక్కొక్కటిగా తెరిపిస్తాడు. పంపులు నడపగల మనిషి ఆఖరి తలుపు గుండా పాక్కుంటూ పోతుండగా, కార్టర్ స్పృహ తప్పి పడిపోతాడు. ఇది ఇరవై ఏడో అధ్యాయం చివర. మీ పుస్తకంలో ఆ పేజీ తిప్పితే మీ ఇతర ప్రచురణల ధరల పట్టిక కనిపిస్తుంది. ‘హీరో చనిపోయాడా మామయ్యా?’ అని మా మేనల్లుడు అడిగాడంటే తప్పు వాడిది కాదు. అసలు కథలో కార్టర్ తిరిగి భూమి మీద, అమెరికాలోని అరిజోనా గుహలో కళ్లు తెరుస్తాడు. అంగారకుడి మీద గాలి తిరిగి ఆడిందో లేదో, భార్య దేజా థోరిస్ బతికి ఉందో లేదో తెలియక, పదేళ్లుగా ఎదురుచూస్తున్నానని రాసుకుంటాడు. కథను తేల్చకుండా వదిలిన మాట నిజమే. కానీ రచయిత వదిలింది ఇరవై ఎనిమిదో అధ్యాయంలో. ఇరవై ఏడో అధ్యాయం దగ్గర వదిలేసింది మీ ముద్రణ విభాగం.

పీఠిక కూడా ఏదో మర్యాదకు రాసిన ముందుమాట కాదు, కథలో భాగమే. కార్టర్ 1886లో మరణించినట్టు, తన దేహాన్ని గాలి ఆడే సమాధిలో మూత తెరిచిన పెట్టెలో ఉంచమన్నట్టు, ఆ సమాధి తలుపు గడియ లోపలి నుంచి మాత్రమే తెరుచుకునేట్టు పెట్టించినట్టు తెలిసేది అక్కడే. ఆ గడియ సంగతి తెలియని పాఠకుడికి ఈ కథలోని సగం గుట్టు అందదు.

మీ వెబ్‌సైట్ వివరణలో ‘1912 నాటి తొలి పుస్తకం’ అని ఉంది, అదీ తప్పే. 1912 ఫిబ్రవరి నుంచి జూలై వరకు ఇది ‘ఆల్-స్టోరీ’ పత్రికలో, ‘అండర్ ది మూన్స్ ఆఫ్ మార్స్’ అనే శీర్షికతో, నార్మన్ బీన్ అన్న మారుపేరు మీద ధారావాహికగా వచ్చింది. పుస్తకంగా వెలువడింది 1917లో, షికాగోకు చెందిన మెక్‌క్లర్గ్ సంస్థ నుంచి. అందులోని బొమ్మలు ఫ్రాంక్ స్కూనోవర్ వేసినవి. అట్ట మీద మీరు మాట ఇచ్చింది ఆ బొమ్మల గురించే. అచ్చుతప్పులకైతే లెక్కే లేదు: పదిహేను అడుగుల ఎత్తు, నాలుగు చేతులు గల అంగారక వాసులైన థార్క్‌లు చాలాచోట్ల ‘థాంక్స్’ అయిపోయారు.

రచయిత 1950లో మరణించారు కనుక మన దేశంలో ఈ నవలపై కాపీహక్కు గడువు ముగిసింది, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అందుకు అభ్యంతరం లేదు. కోత పెట్టిన పాఠాన్ని సంపూర్ణమని చెప్పి అమ్మడం మాత్రం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది.

కనుక తపాలా ఖర్చుతో సహా నా సొమ్ము తిరిగి ఇప్పించాలని, లేదా పీఠికతో, మొత్తం ఇరవై ఎనిమిది అధ్యాయాలతో, బొమ్మలతో కూడిన ప్రతిని పంపాలని, అప్పటివరకు వెబ్‌సైట్‌లో ‘సంపూర్ణ’ అనే మాట తొలగించాలని కోరుతున్నాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల మేరకు 48 గంటల్లో ఈ ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెలలోగా పరిష్కరించవలసి ఉంటుంది. అలా జరగని పక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. రసీదు, అట్ట, చివరి పేజీల ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు