తొలి రౌండే కొంప ముంచుతోంది

సంపాదకులకు నమస్కారం.

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ వస్తుందన్న మాట చెవిన పడితే చాలు, హనుమకొండలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, ఆర్ట్స్ కాలేజీ మైదానం, కాకతీయ యూనివర్సిటీ రోడ్లు తెల్లవారకముందే నిండిపోతాయి. ఆ పిల్లల పక్కనే, ఒళ్లు తగ్గించుకోమని డాక్టర్ చెబితే వచ్చిన నలభై ఏళ్లవాళ్లూ ఉంటారు. ఇద్దరూ చేసే తప్పు ఒకటే. వచ్చిన మొదటి రోజే, మొదటి రౌండే, ఉన్న దమ్మంతా పెట్టి ఉరుకుతారు. మూడో వారానికి వాళ్లలో చాలామంది కాలికి క్రేప్ బ్యాండేజీతో కనిపిస్తారు, ఆ తర్వాత కనిపించరు.

2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ ఉద్యోగానికి పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. 1600 అంటే ట్రాక్‌పై నాలుగు రౌండ్లు. రౌండుకు 108 సెకన్ల పైచిలుకు పడుతుంది. కొత్త కుర్రాడు తొలి రౌండు 80 సెకన్లలో కొట్టేసి గర్వంగా వెనక్కి చూస్తాడు. రెండోది 105కు వస్తుంది. మూడో రౌండులో భుజాలు చెవులదాకా లేస్తాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి, టైము 130కి పోతుంది. నాలుగోది సగం నడకే, 145. మొత్తం 460 సెకన్లు, అంటే 7 నిమిషాల 40 సెకన్లు. ఫెయిల్. అదే ఒంటితో, అదే దమ్ముతో రౌండుకు 108 చొప్పున పోతే 7 నిమిషాల 12 సెకన్లకు గీత దాటుతాడు. 2021 సెప్టెంబరులో ఇదే స్టేడియంలో జరిగిన జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్‌లో హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి జాతీయ రికార్డు పెట్టింది. లెక్క కడితే సగటున రౌండుకు 65 సెకన్లు. మొదటి వారం కుర్రాడి తొలి రౌండుకూ ఆ రికార్డుకూ తేడా పదిహేను సెకన్లే. అంత వేగం పెట్టి దాన్ని ఎంతసేపు నిలుపుతాడు?

ఇంకో చిన్న లెక్క. రౌండుకు 400 మీటర్లన్నది లోపలి అంచు పక్కనున్న మొదటి లేన్‌కే. ఎనిమిదో లేన్‌లో రౌండు 453 మీటర్లు, అక్కడ నాలుగు రౌండ్లు కొడితే 1812 మీటర్లు అవుతుంది. ఎంత ఉరికినా టైము రావట్లేదని బాధపడేవాళ్లు ముందు ఏ లేన్‌లో ఉరుకుతున్నారో చూసుకోవాలి.

మరి మొదలెట్టేదెట్లా? దూరం మరిచిపోయి గడియారం చూడండి. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విడుపు. ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, ఇట్లా ఎనిమిది సార్లు. చివర మళ్లీ ఐదు నిమిషాల నడక. మొదటి రెండు వారాలు ఇంతే. ఇంకా ఓపిక ఉందే అనిపిస్తుంది, అనిపించనివ్వండి, ఆపేయండి. మూడు, నాలుగు వారాల్లో రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, ఆరు సార్లు. ఆ తర్వాత నాలుగుకు రెండు, ఎనిమిదికి రెండు, పన్నెండుకు రెండు. పదో వారానికి 25 నుంచి 30 నిమిషాలు ఆగకుండా పోవడం చాలామందికి వస్తుంది. ఏ వారమైనా భారంగా ఉంటే అదే వారాన్ని మళ్లీ చేయాలి.

వేగం ఎంతుండాలో తెలుసుకోవడానికి వాచీలు అక్కర్లేదు. పక్కనున్నవాళ్లతో "కట్ట చివరిదాక పోయి మళ్లొద్దాం, నీళ్లు అక్కడ తాగుదాం" అని ఒక్క ఊపిరిలో అనగలగాలి. మాట మధ్యలో తెగితే వేగం ఎక్కువైందని అర్థం. నడకకంటే కాస్తంత వేగం, అంతే. ఇట్లా ఉరికితే పక్కన నడిచే పెద్దమనిషి దాటిపోతాడని సిగ్గుపడేవాళ్లున్నారు. సిగ్గు కాళ్లను కాపాడదు. ఊపిరి అందే వేగంలోనే గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. దమ్ము అంటే అదే.

అసలు చిక్కు ఇక్కడుంది. దమ్ము కొన్ని వారాల్లోనే వస్తుంది. ఎముక, కీలు, మడమ పైనున్న నరం లాంటి గట్టి పట్టీ బలపడడానికి నెలలు పడుతుంది. అందుకే మూడు, నాలుగు వారాల దగ్గర ప్రమాదం. ఊపిరి ఇంకా పరుగెత్తమంటుంది, కాళ్లు సిద్ధంగా ఉండవు. తొలి రౌండులో చేసిన తప్పే తొలి నెలలో చేస్తున్నామన్నమాట. మోకాలి కింద లోపలివైపు ఎముక వెంట జానెడు మేర సలిపి, ఒళ్లు వేడెక్కాక తగ్గితే, అది భారం ఒక్కసారి పెంచినందుకు వచ్చిన నొప్పి. వారం, రెండు వారాలు పరుగు సగానికి తగ్గించి, సిమెంటు రోడ్డు వదిలి మట్టి నేల మీద పోతే సర్దుకుంటుంది. కానీ ఒక్క వేలితో "ఇదిగో, ఇక్కడే" అని చూపించగలిగే నొప్పి, రాత్రి పడుకున్నా సలిపే నొప్పి, ఒంటికాలి మీద ఎగిరితే కలుక్కుమనే నొప్పి వేరు. ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కూడా అది కనిపించకపోవచ్చు. పరుగు పూర్తిగా మానేసి ఎముకల డాక్టర్‌కు చూపించాలి. ఈవెంట్లు, అంటే పోలీసు ఉద్యోగపు పరుగు పరీక్షలు, దగ్గరపడ్డాయని నొప్పి బిళ్ల వేసుకుని ఉరికే పిల్లలు రోజూ కనిపిస్తారు. ఆ బిళ్ల నొప్పిని కప్పుతుంది గాని పగులును ఆపదు.

కాళ్లకు బలం కావాలంటే మన పాత గుంజీలే చాలు. విడుపు రోజుల్లో పదిహేను చొప్పున మూడు విడతలు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమలు మెల్లగా కిందికి దించి పైకి లేపడం మరో పదిహేను. అడుగు పొడుగ్గా వేసి మడమతో నేలను కొట్టకుండా, పొట్టి అడుగులు త్వరత్వరగా వేయాలి. పాదం ఒంటి కిందే పడాలి, ముందుకు పోయి కాదు.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక బొటనవేలంత జాగా ఉండాలి. అడుగు ఒకపక్క అరిగాక పైన ఎంత కొత్తగా కనిపించినా వాటికి సెలవు.

తిండి విషయంలో మాత్రం మైదానాల్లో వినబడే మాటలు ఆశ్చర్యపరుస్తాయి. పచ్చిగుడ్లు తాగితే బలమట. ఉడికించిన గుడ్డులోని మాంసకృత్తులే ఒంటికి ఎక్కువగా పడతాయి, పైగా పచ్చిదానితో కడుపు చెడే భయం ఉంది. పొద్దున అరగంట పరుగుకు ఖాళీ కడుపైనా, ఒక అరటిపండైనా సరిపోతుంది. టిఫిన్ చేస్తే రెండు గంటలు ఆగాలి. కడుపు నిండా తిని, నీళ్లు గటగటా తాగి ఉరికితే డొక్కలో పోటు వస్తుంది. వస్తే నడకలోకి దిగి, అక్కడ వేళ్లతో నొక్కి, ఊపిరి పొడుగ్గా వదలండి. పరుగయ్యాక జొన్న గటక, పల్లీలు, గుడ్లు, పప్పన్నం ఉంటే డబ్బా పొడుల పని లేదు. బరువు కోసం వచ్చేవాళ్లకు ఒక మాట. 70 కిలోల మనిషి 3 కిలోమీటర్లు ఉరికితే కరిగేది దాదాపు 200 కేలరీలు. బయట బండి దగ్గర ఒక ప్లేటు పూరీతో ఆ లెక్క చెల్లు.

ఆడపిల్లల్లో నెలలు గడిచినా దమ్ము పెరగకపోతే ముందు రక్తపరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రౌండ్లు పెంచి లాభం లేదు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగే మొదలెట్టాలి. షుగర్‌కు ఇన్సులిన్, మందులు వాడేవాళ్లు జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి. ఛాతీ బిగిసినా, ఎడమ చెయ్యి, దవడ లాగినా అక్కడే ఆగాలి.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. పొద్దున ఐదింటికి మొదలెట్టి ఆరున్నరలోపు ముగించాలి. సాయంత్రం తారు రోడ్డు ఇంకా సెగ కక్కుతుంటుంది. పరుగుకు ముందూ వెనకా బరువు చూసుకుంటే కిలో తగ్గితే లీటరు నీళ్లు పోయినట్టు. లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు సరిపోతుంది, చెంచా తలకొట్టి కొలవాలి. ఎండలో ఉరుకుతుండగా చలి పుట్టినా, ఒళ్లు గగుర్పొడిచినా ఆగి నీడకు పోవాలి. మాట తడబడితే తడిగుడ్డలు కప్పి విసురుతూ 108కు ఫోన్ చేయాలి.

చివరగా మైదానాలు, చెరువు కట్టలు చూసుకునేవారికి రెండు కోరికలు. భద్రకాళి, వడ్డేపల్లి కట్టల మీద నడిచే బాటపై 100 మీటర్లకొక తెల్లగీత గీయించండి, దాంతో ఎవరికి వారు తమ వేగం కొలుచుకోగలుగుతారు. ఎండాకాలం మూడు నెలలు గేట్లు నాలుగున్నరకే తీసి దీపాలు వెలిగించండి. చీకటికి జంకి తెల్లవారేదాకా ఆగే ఆడపిల్లలు ఎండెక్కాక ఉరకాల్సి వస్తోంది.

— పరుగు శిక్షకులు, హనుమకొండ