జిడ్డు ఆటగాళ్ల తరఫున, పర్లాకిమిడి నుంచి

గౌరవనీయులైన ఒడిశా క్రీడలు, యువజన సేవల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం ఒడియాలో కూడా రాయగలను. కానీ పరుగులకు ఎగబడకుండా వికెట్ కాచుకునే జిడ్డు ఆటగాళ్లను ఇన్నాళ్లూ తెలుగులోనే తిట్టాను కాబట్టి, తప్పు ఒప్పుకునేది కూడా తెలుగులోనే అనుకున్నాను. మీ దగ్గర ఎవరో ఒకరు చదివి చెప్పకపోరు.

మహేంద్రతనయ ఒడ్డున సంక్రాంతికి జరిగే టెన్నిస్ బాల్ టోర్నీకి నేను చాలా ఏళ్లుగా స్కోరర్‌ని. ఏటి అవతల పాతపట్నం నుంచి, టెక్కలి నుంచి, ఇటు కాశీనగర్, గుణుపురం నుంచి టీములు వస్తాయి. అందరూ సిక్సర్‌కి ఈలలేస్తుంటే స్కోరర్ తల దించుకుని 6 వేసుకోవాలి. పరుగు రాకపోతే చుక్క పెట్టాలి. నా పుస్తకాల్లో అంకెల కంటే చుక్కలే ఎక్కువ. అయినా ఆ చుక్కలు ఆడినవాడి పేరు ఒక్కటీ నాకు గుర్తులేదు.

2021 జనవరి 11, ఆస్ట్రేలియాతో సిడ్నీ టెస్టు చివరి రోజు. టీ కొట్టు దగ్గర ఒకే ఫోన్ మీద పది తలకాయలు. గెలవాలంటే 407 కావాలి. పంత్ 97 కొట్టి వెళ్లిపోయాడు, పుజారా 77కి అవుటయ్యాడు. అప్పుడు మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి జిడ్డు ఆట మొదలుపెట్టాడు. "అది బ్యాటురా, తలుపు గడియరా?" అని అరిచింది నేనే. తొడ కండరం దెబ్బతిని కుంటుతూ నిలబడ్డాడని ఆ టెన్షన్‌లో ఎవరం పట్టించుకోలేదు. 161 బంతులకు 23 పరుగులు, నాటౌట్. రెండో వైపు నడుం నొప్పితో అశ్విన్ 128 బంతులాడి 39తో నిలిచాడు. మ్యాచ్ డ్రా. ఎనిమిది రోజుల తర్వాత బ్రిస్బేన్‌లో గెలిచి 2-1తో సిరీస్ పట్టుకొచ్చారు. సిడ్నీ పోయుంటే బ్రిస్బేన్‌లో ఎంత గెలిచినా 2-2 దగ్గరే ఆగేది. ఇది స్కోరర్ లెక్క, ఎవరైనా వేసుకోవచ్చు.

ఆ రోజే కేంద్రంలో మంత్రి ఒకరు, విహారి క్రికెట్‌ని హత్య చేశాడని సోషల్ మీడియాలో రాశారు. పేరు కూడా 'హనుమ బిహారి' అనే రాశారు. అతను కోప్పడలేదు. 'హనుమ విహారి' అని సరిదిద్ది ఊరుకున్నాడు. (ఈ 'బ' గొడవ మా సరిహద్దు తెలుగువాళ్లకు అలవాటే. ఇక్కడ వెంకటరావు ఒడియా కాగితం మీద బెంకటరావు అయిపోతాడు.) అదే విహారి 2023లో ఇండోర్‌లో, రాష్ట్రాల జట్లు ఆడే రంజీ ట్రోఫీ క్వార్టర్ ఫైనల్లో, మణికట్టు విరిగితే ఎడమచేతి వాటంగా ఆడాడు. ఆ వీడియో మా కుర్రాళ్లందరూ ఫోన్లో చూశారు. టెస్టు జట్టులో అతని స్థానం అప్పటికే పోయింది.

మీ రాష్ట్రం సంగతికే వస్తాను. మా టోర్నీలో ఆడే పిల్లల్ని ఒడిశా బౌలర్ దేబాశిస్ మొహంతి పేరు చెప్పి, ఎవరని అడిగాను. సినిమా వాడా అన్నాడు ఒకడు. 2001లో అగర్తలాలో, జోన్ల జట్లు ఆడే దులీప్ ట్రోఫీలో 46 పరుగులకు ఒక ఇన్నింగ్స్‌లో పదికి పది వికెట్లూ తీసిన మనిషి. 1999 ప్రపంచ కప్‌లో 10 వికెట్లు. 45 వన్డేల్లో 57. టెస్టులు మాత్రం రెండే ఆడనిచ్చారు. శివసుందర్ దాస్ 23 టెస్టులాడిన ఓపెనర్, రెండు సెంచరీలు. ఆ పేరు విన్నవాళ్లు మా దగ్గర ఇద్దరే ఉన్నారు.

అభిమానం లేక కాదండీ ఇదంతా. 2015 అక్టోబర్‌లో కటక్ బారాబతి స్టేడియంలో దక్షిణాఫ్రికా మీద టీ20లో మనవాళ్లు 92కి ఆలౌట్ అయితే, గ్యాలరీల నుంచి మైదానంలోకి సీసాలు విసిరారు. ఆట ఆగిపోయింది. ఆ జనంలో నేను లేను, ఇంట్లో టీవీ ముందు ఉన్నాను. సీసా చేతిలో లేదు గానీ నోరుంది కదా.

క్రికెట్ అసోసియేషన్ వేరు, మీ శాఖ వేరు అని నాకు తెలుసు. కానీ 2018 నుంచి భారత హాకీ జట్ల జెర్సీల మీద మీ రాష్ట్రం పేరుంది. మనసు పెడితే మీ ప్రభుత్వం ఎంత చేయగలదో అక్కడే చూశాం. అందుకే అడుగుతున్నాను. రంజీ మ్యాచ్ గానీ, అమ్మాయిల మ్యాచ్ గానీ ఏడాదికి ఒక్కటి బరంపురం వైపు తెప్పించండి. స్కూలు పిల్లల్ని బస్సుల్లో తీసుకెళ్లి నాలుగు పూటలు కూర్చోబెట్టండి. బంతిని ఎలా వదిలేస్తారో కళ్లారా చూడకపోతే వాళ్లకు సిక్సర్ ఒక్కటే ఆటగా కనిపిస్తుంది. మా జిల్లా స్టేడియం గోడ మీద మొహంతి, దాస్ పేర్లు, అంకెలతో సహా రాయించండి. పెయింటు ఖర్చు తప్ప ఏముంది?

మా వంతుగా మేమూ ఒకటి మొదలుపెడుతున్నాం. వచ్చే సంక్రాంతి టోర్నీలో ఎక్కువ బంతులు కాచుకున్న బ్యాట్స్‌మన్‌కి ఒక స్టీలు బిందె ఇస్తాం. కమిటీలో సగం మంది నవ్వారు, పోనీలే అని ఒప్పుకున్నారు. చుక్కలు లెక్కపెట్టేది నేనే. మీకు వీలైతే ఆ బిందె మీ చేతుల మీదుగా ఇవ్వండి. ఫైనల్ కనుమ నాడు, మధ్యాహ్నం రెండింటికి.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక స్కోరర్