ఒకే గదిలో మూడు తరగతులు

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచినప్పటి నుంచి మీలో చాలామంది గేటు దగ్గర నన్ను అడుగుతున్నది ఒకటే: "మా అయిదో తరగతి పిల్లను మూడో తరగతి వాళ్ల పక్కన కూర్చోబెట్టారట, నిజమేనా మేడమ్?" నిజమే. 1, 2 తరగతులు ఒక గదిలో, 3, 4, 5 తరగతులు పక్క గదిలో కూర్చుంటున్నాయి.

ఇది నేను ముచ్చటపడి తెచ్చిన పద్ధతి కాదు. 2009 విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లే. 61వ పిల్లవాడు చేరితేనే మూడో టీచరు. మన బడిలో పిల్లలు అరవైకి లోపే. 1, 2 తరగతులకు మూడేసి, పై మూడు తరగతులకు నాలుగేసి సబ్జెక్టులు, మొత్తం 18. చెప్పేది ఇద్దరం. విడివిడిగా కూర్చోబెడితే ఏ పూటైనా మూడు గదుల్లో టీచరు ఉండరు. అంతకంటే కలిపి కూర్చోబెట్టడమే నయం.

తెలుగు, పరిసరాల విజ్ఞానం కలిపి చెప్పడం కష్టమేమీ కాదు. నీరు, ఆహారం, కుటుంబం వంటి విషయాలు మూడు తరగతుల్లోనూ ఏదో ఒక రూపంలో వస్తాయి. కథ అందరికీ ఒకటే చెబుతాం. మూడో తరగతి వాళ్లు దాన్ని గట్టిగా చదువుతారు, నాలుగో తరగతి వాళ్లు సొంత మాటల్లో రాస్తారు, అయిదో తరగతి వాళ్లు ముగింపు మార్చి రాస్తారు. చిక్కంతా లెక్కలతోనే. ఒకరికి స్థాన విలువలు, ఇంకొకరికి భిన్నాలు చెప్పాలి. అందుకే లెక్కల పీరియడులో ఒక్కో తరగతి దగ్గర కాసేపు కూర్చుని, మిగతా రెండు తరగతులకూ ముందే రాసిపెట్టిన పని ఇస్తున్నాం. ఆ పని సరిగ్గా తయారు కాని రోజు గది సంతలా ఉంటుంది, దాచడమెందుకు?

ఈ విషయంలో మాకు దారి చూపింది మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు కార్డులు పెట్టి, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగితే అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టేలా చేశారు వాళ్లు. కర్ణాటక సర్కారు బడుల్లో ఆటపాటలతో చదువు చెప్పే 'నలి-కలి' పద్ధతికి ప్రేరణ అక్కడిదే. జ్వరం వచ్చి వారం రాని పిల్లకు ఆ వారం పాఠాలు పోవు, తన మెట్టు తన కోసం ఉంటుంది. తీసివేతలు ఇంకా తడబడే అయిదో తరగతి పిల్లవాడు మూడో తరగతి కార్డు తీసుకున్నా ఎవరూ నవ్వరు, ఎందుకంటే ఆ గదిలో అందరి చేతిలోనూ వేర్వేరు కార్డులే.

ఒక మాట గట్టిగా చెబుతాను. పెద్ద పిల్లలను చిన్నవాళ్లకు టీచర్లుగా వాడుకోను. తాను నేర్చినది తమ్ముడికో చెల్లెలికో కాసేపు చెబితే మంచిదే, ఇద్దరికీ పాఠం గట్టిపడుతుంది. రోజంతా చెప్పిస్తే ఆ పిల్ల చదువు ఎవరు చదవాలి? నవోదయ పరీక్ష రాసే అయిదో తరగతి పిల్లలకు సాయంత్రం బడి వదిలాక అరగంట విడిగా లెక్కలు చెబుతున్నాం. ఆ అరగంట వాళ్లను ఉండనివ్వండి.

మాలో ఒకరు శిక్షణకో సెలవుకో వెళ్లిన రోజు అయిదు తరగతులూ ఒక్కరి చేతికే వస్తాయి. ఆ రోజు కొత్త పాఠం ఉండదు, చదవడం, రాయడం, ఎక్కాలు మాత్రమే. ఇంటికొచ్చి "ఈరోజు ఏమీ చెప్పలేదు" అంటే అర్థం అదే.

"ఎన్నో పాఠం అయింది?" అని పిల్లలను అడగకండి. మూడు తరగతుల గదిలో దానికి సరైన జవాబు ఉండదు. ఒక పేజీ తెరిచి చదవమనండి, సంతకు వెళ్లినప్పుడు చిల్లర లెక్క వేయించండి. తడబడితే ఎక్కడ తడబడ్డారో నోటు పుస్తకం వెనుక రాసి పంపండి, మరుసటి రోజు కార్డు అక్కడి నుంచే ఇస్తాం. గదిలో కూర్చుని చూడాలనుకునే వారు శనివారం ఉదయం ప్రార్థన సమయానికి రావచ్చు, కబురు చేయనక్కర్లేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు