జనం ఒప్పుకోరని చెప్పిందెవరు?

సంపాదకుడు గారికి,

అయ్యా,

ఏప్రిల్ 15న మీ ఆటల పేజీలో, 1947లో తెల్లవాళ్ల బేస్‌బాల్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్‌లో చేరిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో బేస్‌బాల్‌కి అరపేజీ ఇవ్వడమే అరుదు, అందుకు సంతోషం. అయితే అందులో ఒక మాట నాకు మింగుడు పడలేదు. తెల్లవాళ్ల జట్టులో నల్లజాతి ఆటగాణ్ణి చూడటానికి అప్పటి అమెరికా జనం సిద్ధంగా లేరని, అతన్ని తీసుకున్న డాడ్జర్స్ పెద్ద బ్రాంచ్ రికీ ఒక్కడే తెగించాడని రాశారు. జనం సిద్ధంగా లేరన్నది ఏళ్ల తరబడి జట్ల యజమానులు చెప్పుకొచ్చిన సాకు. దాన్ని మనం చరిత్రగా అచ్చేయడం బాగోలేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పినవాణ్ణి కాబట్టి దాని పెద్దన్న బేస్‌బాల్ అంటే కాస్త ఆసక్తి. ఇప్పుడు జెర్సీ సిటీలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మన పప్పులు, కూరగాయలు దొరికే వీధికి దగ్గర్లోనే, జర్నల్ స్క్వేర్ స్టేషన్ దగ్గర రాబిన్‌సన్ విగ్రహం ఉంది. ఆయన విగ్రహం ఈ ఊళ్లో ఎందుకంటే, బ్రూక్లిన్ డాడ్జర్స్‌కి రాకముందు ఏడాది ఆయన వాళ్ల కింది జట్టు మాంట్రియల్ రాయల్స్‌కి ఆడాడు. ఆ జట్టు తరఫున మొదటి మ్యాచ్ 1946 ఏప్రిల్ 18న ఇక్కడి రూజ్‌వెల్ట్ స్టేడియంలోనే జరిగింది. నాలుగు హిట్లు కొట్టాడు, అందులో ఒకటి హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది). మాంట్రియల్ 14-1తో గెలిచింది. సొంత ఊరి జట్టు చిత్తుగా ఓడిన రోజున కూడా కిక్కిరిసిన స్టేడియం అతనికి చప్పట్లు కొట్టింది.

నల్లవాళ్లు ఆడకూడదని బేస్‌బాల్‌లో రాసిపెట్టుకున్న రూలంటూ లేదు. 1942లో బేస్‌బాల్ పాలకుడైన కమిషనర్ ల్యాండిస్ కూడా అదే చెప్పాడు. రూలు లేదు, కానీ ఏ జట్టూ తీసుకోదు. అడిగితే యజమాని మేనేజర్ని చూపిస్తాడు, మేనేజర్ ఆటగాళ్లను, అందరూ కలిసి ప్రేక్షకుల్ని. తిలా పాపం తలా పిడికెడు. నా సర్వీసులో ఆడపిల్లల జట్టును పక్క జిల్లాకు తీసుకెళతానన్నప్పుడల్లా "ఊళ్లోవాళ్లు ఒప్పుకోరు మాస్టారూ" అనేవాళ్లు. అలా అన్నవాళ్లలో ఊళ్లోకి వెళ్లి అడిగొచ్చినవాడు నాకు ఒక్కడూ కనిపించలేదు.

అమెరికాలో అడిగినవాడు ఒకడున్నాడు. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రిక విలేకరి వెండెల్ స్మిత్ 1939లో నేషనల్ లీగ్ (పైస్థాయి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో ఒక భాగం) మేనేజర్లను, 40 మంది దాకా ఆటగాళ్లను కలిసి అభిప్రాయం అడిగాడు. ఎక్కువమంది మాకేం అభ్యంతరం లేదన్నారు. విలేకరి ముందు ఎవరైనా మంచిమాటే చెబుతారు అనుకుందాం. మరి డబ్బులిచ్చి టికెట్ కొన్నవాళ్ల సంగతి? 1930లలో సీజన్ అయిపోగానే డిజ్జీ డీన్ లాంటి తెల్ల స్టార్లు శాచెల్ పెయిజ్ లాంటి నల్లజాతి బౌలర్లతో (అక్కడ పిచర్ అంటారు) ఊరూరా పోటీ మ్యాచ్‌లు ఆడేవారు. వాటికి తెల్లవాళ్లు కూడా ఎగబడి వచ్చేవారు.

అసలు గుట్టు 1946లో యజమానులే తయారుచేసుకున్న రహస్య నివేదికలో బయటపడుతుంది. నల్లజాతి ప్రేక్షకులు ఎక్కువగా వస్తే జట్ల విలువ పడిపోతుందేమోనని అందులో రాసుకున్నారు. నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడుకునే నీగ్రో లీగ్ (అప్పటి పేరు అదే) జట్లు ఈ స్టేడియాలను అద్దెకు తీసుకునేవి, ఆ అద్దె పోతుందన్న దిగులు కూడా ఉంది. జనం రారని బయటికి చెప్పినవాళ్లకు లోపల జనం వస్తారనే టెన్షన్!

జనమంతా దేవుళ్లని నేననడం లేదు. 1946లో రాబిన్‌సన్ జట్టు ఫ్లోరిడాలో ప్రాక్టీసు మ్యాచ్‌ల కోసం వెళ్తే జాక్సన్‌విల్‌లో స్టేడియానికి తాళం వేశారు. డిలాండ్‌లో లైట్లు పనిచేయడం లేదని మ్యాచ్ రద్దు చేశారు, అది పగటిపూట మ్యాచ్! కానీ తాళం వేసిందీ, లైట్ల కథ అల్లిందీ ఊరి అధికారులే గదా. జనం సంగతికొస్తే, ఆ సీజన్ చివర్లో లూయీవిల్ జట్టుతో వాళ్ల ఊళ్లో జరిగిన ఫైనల్స్‌లో అక్కడి ప్రేక్షకులు రాబిన్‌సన్‌ని అడుగడుగునా గేలి చేశారు. నల్లవాళ్లకు ఇచ్చిన టికెట్లు కొద్దిపాటివే. తర్వాత పోటీ మాంట్రియల్‌కి మారింది. అక్కడి జనం లూయీవిల్ ఆటగాడు ఒక్కొక్కడు బ్యాటు పట్టుకుని వచ్చినప్పుడల్లా గోల చేసి బదులు తీర్చుకున్నారు. రెండు ఊళ్లలోనూ ఉన్నది తెల్లజనమే. ఇందులో ఏ ఊరిని పట్టుకుని "అప్పటి జనం" అంటారు?

1947లో ఫిలడెల్ఫియా మేనేజర్ బెన్ చాప్‌మన్ రాబిన్‌సన్‌ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. ఆ ఏడాదే డాడ్జర్స్ సొంత మైదానానికి 18 లక్షల మంది వచ్చారు. నేషనల్ లీగ్‌లో ఏ జట్టుకూ అప్పటిదాకా ఒక సీజన్లో అంత జనం రాలేదు. లెక్క కళ్లముందున్నా బోస్టన్ రెడ్ సాక్స్ తొలి నల్లజాతి ఆటగాణ్ణి 1959లో గానీ దించలేదు. 1945లో ఇదే రాబిన్‌సన్‌ని పిలిచి, మైదానంలో పరీక్షించి, తర్వాత కబురు పెట్టనిది కూడా ఆ జట్టే.

ఇక రికీ. ఆయన గట్టివాడే, కాదనను. కానీ ఒక్కడే అనకండి. స్మిత్ లాంటి విలేకరులు ఏళ్లపాటు రాశారు. ఉద్యోగాల్లో జాతి వివక్ష కుదరదని న్యూయార్క్ రాష్ట్రం 1945లో చట్టం చేసింది. పైగా రాబిన్‌సన్ అంతకుముందు ఆడిన నీగ్రో లీగ్ జట్టు కాన్సస్ సిటీ మోనార్క్స్‌కి రికీ పైసా ఇవ్వలేదు. మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే మేజర్ లీగ్ వైపు వెళ్లిపోవడంతో 1948 తర్వాత నీగ్రో నేషనల్ లీగ్ మూతపడింది. ఆ లీగుల రికార్డులను మేజర్ లీగ్ తన పుస్తకంలో కలుపుకున్నది 2024లో. అప్పుడు బ్యాటింగ్ సగటులో అందరికంటే పైన తేలిన పేరు నీగ్రో లీగ్ ఆటగాడు జాష్ గిబ్సన్. ఆయన 1947 జనవరిలోనే చనిపోయాడు, 35 ఏళ్లకు. రాబిన్‌సన్ డాడ్జర్స్ తరఫున దిగడానికి మూడు నెలల ముందు.

చివరగా ఒక సవరణ వేయమని మనవి. ఫోటో కింద "మేజర్ లీగ్ తొలి నల్లజాతి ఆటగాడు" అని వేశారు. 20వ శతాబ్దంలో తొలి, అనాలి. 1884లోనే మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ టొలీడో జట్టుకు 42 మ్యాచ్‌లు ఆడాడు. (రాబిన్‌సన్ చొక్కా మీది అంకె కూడా 42, అది కాకతాళీయమే.) తర్వాత తలుపులు మూసుకుంటుంటే అతని తమ్ముడు వెల్డీ వాకర్ ఒక లీగ్ అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. ఆటగాణ్ణి కాదనాలంటే ఆట రాకపోవడమో ప్రవర్తన బాగోకపోవడమో చూపించండి, రంగు కాదు, అన్నది దాని సారం. 1888లో ఒక ఆటల పత్రిక దాన్ని అచ్చేసింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు,
కాకినాడ (ప్రస్తుతం జెర్సీ సిటీ)